1970–74 అవార్డు సినిమాలు: మూడేళ్ళు, మూడు కాపురాలు

సెకండ్‌షో
శుక్రవారం రాత్రి 10:05

అందరికీ నమస్కారం. ఇక్కడ మా తెలుగు సంఘం వాళ్ళు ఈ ఆదివారం కాక వచ్చే ఆదివారం సినిమా క్విజ్ పెడుతున్నారు. ప్రశ్నలు తయారుచేసే పని నా నెత్తిన పడింది. 1970 నుంచి 1974 దాకా అవార్డు వచ్చినవీ, జనం నోళ్ళలో నానినవీ కావాలి. వాట్సాప్‌లో తిరిగే సరుకు మాత్రం వద్దు. పోయినేడాది అలాంటి ప్రశ్న ఒకటి అడిగి స్టేజి మీద పరువు పోగొట్టుకున్నాను. జవాబు చెప్పిన పెద్దాయన ఆ సినిమాకి అసిస్టెంటుగా పనిచేశాట్ట!

ముందుగా నాకు దొరికినది చెబుతాను. 1970 బంగారు నంది ‘కోడలు దిద్దిన కాపురం’. 1971 బంగారు నంది ‘చెల్లెలి కాపురం’. 1972లో జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం ‘పండంటి కాపురం’. వరసగా మూడేళ్ళు కాపురం పేరున్న సినిమాలకే అవార్డులు. ఇది ఎవరైనా గమనించారా?

---

నేలటిక్కెట్టు
శుక్రవారం రాత్రి 10:31

గమనించకపోవడమేం బాబూ, అప్పట్లో మా ఇంట్లో జోకే అది. టైటిల్లో కాపురం ఉంటే ఆడవాళ్ళు వస్తారు, ఆడవాళ్ళొస్తే పిల్లలూ వస్తారు, పిల్లలొస్తే ఇంటర్వెల్లో సోడాలూ జంతికలూ అమ్ముడుపోతాయని మా నాన్న అనేవాడు. ఆయన టూరింగ్ టాకీసులో ఆపరేటరు. అవార్డులు ఇచ్చేవాళ్ళు కూడా ఈ లెక్కే వేశారేమో తెలీదు గానీ, ముగ్గురు దర్శకులూ వేరు. కోడలు దిద్దింది యోగానంద్ గారు, చెల్లెలిది విశ్వనాథ్ గారు, పండంటిది లక్ష్మీదీపక్ గారు. హీరోలూ వేరే: ఎన్టీఆర్, శోభన్‌బాబు, కృష్ణ. క్విజ్‌లో దాన్నే జతపరచమని అడుగు, సగంమంది తడబడతారు.

---

సోగ్గాడు75
శుక్రవారం రాత్రి 10:48

శోభన్‌బాబు పేరొచ్చింది కాబట్టి నేను రాక తప్పదు. ఈ ఒక్క ప్రశ్న పెట్టుకో తమ్ముడూ. బంగారు నందుల పట్టీ చూడు: 1969 బంగారు పంజరం, 1971 చెల్లెలి కాపురం, 1972 కాలం మారింది, 1973 శారద, 1975 జీవనజ్యోతి. ఏడేళ్ళలో అయిదు, అయిదింటిలోనూ మా హీరోనే. 1970లో జాతీయ ఉత్తమ తెలుగు చిత్రంగా వచ్చిన ‘దేశమంటే మనుషులోయ్’లో కూడా ఆయనే. సి.ఎస్. రావు గారి సినిమా అది, గురజాడ వారి మాట తెచ్చి టైటిల్ పెట్టారు. ఎన్టీఆర్, ఏఎన్నార్లు ఏలుతున్న రోజుల్లో, పక్కన కృష్ణ ఏడాదికి డజను సినిమాలు తీస్తున్న రోజుల్లో ఇది మామూలు మాట కాదు.

జనం ఆయన్ని అందగాడిగా గుర్తుపెట్టుకున్నారు. చెల్లెలి కాపురంలో మొహానికి నల్లరంగు పూసుకుని, అందం లేని కవిగా వేశాడండీ. ఆ కవిత్వాన్ని స్నేహితుడు నాగభూషణం తన పేరు మీద చలామణీ చేసుకుంటాడు. చివర్లో వాణిశ్రీ నాట్యానికి ‘చరణ కింకిణులు’ పాడే ఘట్టం చూడండి. అప్పటిదాకా తల వంచుకుని నిలబడ్డ మనిషి పాట మొదలెట్టాక మెడ ఎత్తుతాడు. ఆ మెడ ఎత్తడం కోసం నేనా సినిమా ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

---

కౌబాయ్‌కిట్టయ్య
శుక్రవారం రాత్రి 11:02

అన్నా, మీ పట్టీలో 1974 ఎగిరిపోయింది. కావాలనే వదిలేశారా? 🙂 ఆ ఏడు బంగారు నంది అల్లూరి సీతారామరాజుది. విశ్వనాథ్ గారికి 71, 72, 73లో వరసగా మూడొచ్చాయి. 74లో మా అల్లూరి అడ్డం పడింది. 75లో జీవనజ్యోతితో ఆయన మళ్ళీ అందుకున్నారు. లేకపోతే అయిదుకి అయిదూ ఆయనవే అయ్యేవి.

---

సోగ్గాడు75
శుక్రవారం రాత్రి 11:04

నా పట్టీ శోభన్‌బాబుది కదా తమ్ముడూ. అల్లూరిలో ఆయన లేడు. ఉంటే రాసేవాణ్ణి.

---

రేడియోరమణి
శనివారం ఉదయం 6:20

మీ హీరోల కొట్లాటలోకి నేను రాను గానీ, పాటల సంగతి చెప్పి పోతాను. కాఫీ కూడా తాగలేదింకా.

అల్లూరి సీతారామరాజులో ‘తెలుగు వీర లేవరా’కి శ్రీశ్రీ గారికి జాతీయ ఉత్తమ గీత రచయిత అవార్డు వచ్చింది. తెలుగు పాటకి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. ఇది నారాయణరెడ్డి గారి పాటని వాదించేవాళ్ళు క్విజ్‌కి ఒకరైనా వస్తారు, చూసుకోండి. నారాయణరెడ్డి గారు ఆ సినిమాలో రాసింది ‘వస్తాడు నా రాజు’, సుశీలమ్మ పాడింది.

ఇంకో సంగతి. ‘తెలుగు వీర లేవరా’ పాడింది ఘంటసాల గారు, వి. రామకృష్ణ గారు, బృందం. ఘంటసాల గారు పోయింది 1974 ఫిబ్రవరి 11న. సినిమా విడుదలైంది మే 1న. అంటే హాల్లో ఆ గొంతు విన్న జనానికి ఆ మనిషి లేడని అప్పటికే తెలుసు. మా అమ్మ ఆ పాట దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. సీతారామరాజు కోసం ఏడుస్తోందేమో అనుకున్నాను. ఇంటికొచ్చాక అడిగితే మాస్టారి కోసం అంది.

---

నేలటిక్కెట్టు
శనివారం ఉదయం 7:15

రమణమ్మా, పొద్దున్నే ఎక్కడికో తీసుకెళ్ళావు.

అల్లూరి అనగానే నాకు లెన్సు గొడవ గుర్తొస్తుంది. తెలుగులో మొట్టమొదటి పూర్తి సినిమాస్కోప్ చిత్రం అది. స్కోప్ రీలు చేత్తో పట్టుకుని వెలుతుర్లో చూస్తే, బొమ్మ రెండు పక్కల నుంచీ నొక్కేసినట్టు సన్నగా ఉంటుంది. ప్రొజెక్టర్‌కి వేరే లెన్సు తగిలిస్తేనే తెర మీద వెడల్పుగా విచ్చుకుంటుంది. టూరింగ్ టాకీసుల్లో ఆ లెన్సెక్కడిది? టౌనులో ఒక హాలు నుంచి అద్దెకి తెచ్చుకోవాలి. మా ఊరికి ప్రింటు ఆలస్యంగా వచ్చింది. సాయంత్రం ఆరు గంటలకి రీళ్ళ పెట్టె దిగింది. లెన్సు తెచ్చే కుర్రాడికి మాత్రం బస్సు తప్పిపోయింది.

జనం ఆగుతారా? నేలలో ఈలలు, కేకలు. యజమాని వేసెయ్యమన్నాడు. మా నాన్న వద్దు వద్దంటూనే వేశాడు. తెర మీద మనుషులందరూ తాటిచెట్లే! బ్రిటిషు దొరల గుర్రాలు ఒంటెల్లాగా ఉన్నాయి. మొదటి రీలంతా అలాగే నడిచింది. ‘ఇదేదో కొత్తరకం అంట’ అని ఒక పెద్దాయన పక్కాయనకి చెబుతున్నాడు. రెండో రీల్లో లెన్సు వచ్చి బిగించాక బొమ్మ ఒక్కసారిగా వెడల్పయి, మా చిన్న తెర చాలక అటూ ఇటూ గుడారం గుడ్డ మీదకి పాకింది. గుడ్డ మీద కూర్చున్న బల్లి మీదుగా కృష్ణ గారు నడిచి వెళ్ళారు. మళ్ళీ ఈలలు. ఈసారి ఆనందంతో.

---

పాప్‌కార్న్
శనివారం ఉదయం 9:40

హహహ బాబాయ్, మీ పోస్టుల కోసమైనా ఈ వేదికలో ఉండాలి.

చిన్న సందేహం. అల్లూరి దర్శకుడెవరు? ఒకచోట వి. రామచంద్రరావు అని ఉంది, ఇంకొకచోట కృష్ణ తీశారంటున్నారు.

---

కౌబాయ్‌కిట్టయ్య
శనివారం ఉదయం 9:58

రెండూ నిజమే. వి. రామచంద్రరావు గారు మొదలెట్టారు, చిత్రీకరణ నడుస్తుండగానే పోయారు. పోరాట దృశ్యాలు కె.ఎస్.ఆర్. దాస్ గారు చూసుకున్నారు, మిగతాది కృష్ణ గారు పూర్తిచేశారు. పేరు మాత్రం రామచంద్రరావు గారిదే వేశారు. త్రిపురనేని మహారథి గారి రచన, వి.ఎస్.ఆర్. స్వామి గారి కెమెరా, ఆదినారాయణరావు గారి సంగీతం. చింతపల్లి అడవుల్లో మకాం వేసి తీశారు. కృష్ణ గారికి నూరో సినిమా.

---

నేలటిక్కెట్టు
శనివారం ఉదయం 10:20

దానికి ముందు ఇంకో ముడి ఉంది కిట్టయ్యా. 1973లో ‘గంగ మంగ’ వచ్చింది, వాణిశ్రీ ద్విపాత్రాభినయం. దర్శకులుగా రెండు పేర్లు కనిపిస్తాయి: తాపీ చాణక్య, వి. రామచంద్రరావు. చాణక్య గారు పోయింది ఆ ఏడే. ఆ తర్వాతి ఏటికల్లా రామచంద్రరావు గారూ లేరు.

ఇక గంగ మంగ కథ చూడు. 1964లో ‘రాముడు భీముడు’ తీసింది చాణక్య గారే. దాన్ని హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’గా 1967లో తీసిందీ ఆయనే. దాన్నే హీరోయిన్‌కి మార్చి 1972లో ‘సీతా ఔర్ గీతా’ అని హిందీ వాళ్ళు తీసుకున్నారు. దాన్ని తిరిగి తెలుగులోకి తెస్తే ‘గంగ మంగ’. మన ఇంటి చెంబే బొంబాయి వెళ్ళి కళాయి వేయించుకుని వచ్చిందన్నమాట. తీసుకొచ్చింది మళ్ళీ చాణక్య గారే!

---

సెకండ్‌షో
శనివారం మధ్యాహ్నం 12:10

అద్భుతం బాబాయ్. ఇది పెట్టేశాను. పేరు ‘చెంబు ప్రశ్న’.

కిట్టయ్య గారూ, ‘మోసగాళ్ళకు మోసగాడు’ ఎన్ని దేశాల్లో ఆడిందో చెబుతారా? మా కమిటీలో ఒకాయన అది కచ్చితంగా పెట్టమంటున్నాడు.

---

కౌబాయ్‌కిట్టయ్య
శనివారం మధ్యాహ్నం 12:35

నేను కృష్ణ గారి వీరాభిమానిని, అయినా చెబుతున్నా: ఆ అంకె క్విజ్‌లో పెట్టకండి. చోటుకో లెక్క తిరుగుతోంది. పోయినేడాది పరువు సంగతి గుర్తుందిగా.

దాని బదులు గట్టివి ఇస్తాను. 1971 ఆగస్టు 27న విడుదల. మన దేశపు తొలి కౌబాయ్ సినిమాగా పేరు. ఇంగ్లీషులోకి ‘ట్రెజర్ హంట్’ పేరుతో డబ్ చేశారు. రాజస్థాన్ ఎడారిలో తీశారు. అసలు అడగాల్సిన ప్రశ్న ఇది: గుర్రాలూ తుపాకులూ నిధి వేటా ఉన్న ఆ సినిమాకి రచన చేసిన కవి ఎవరు? జవాబు ఆరుద్ర. అవును, సమగ్రాంధ్ర సాహిత్యం ఆరుద్ర గారే. అవార్డు గివార్డు రాలేదు, కానీ యాభై ఏళ్ళ తర్వాత 2023 మే 31న మళ్ళీ హాళ్ళలో వేస్తే మనవళ్ళు టోపీలు పెట్టుకుని వచ్చారు.

---

నెల్లూరి_మొలగొలుకులు
శనివారం సాయంత్రం 4:30

కవుల మాట వచ్చింది కనుక మా ఊరి కవిని తలుచుకోకుండా పోలేను.

1970కి దేశంలోకెల్లా ఉత్తమ చిత్రం ‘సంస్కార’. కన్నడ సినిమా. అనంతమూర్తి గారి నవల, గిరీష్ కర్నాడ్ ప్రధాన పాత్ర. ఈ మూడు ముక్కలూ అందరికీ తెలుసు. తీసింది ఎవరు? పఠాభి. మా నెల్లూరి తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ వేసి, పద్యాల నడుములు విరగదంతానని బయల్దేరిన మనిషి. ముప్పై ఏళ్ళ తర్వాత కన్నడ దేశంలో అగ్రహారం కథ పట్టుకున్నాడు. ఊళ్ళో ఒక శవం ఉంటుంది. ఆచారం తప్పిన బ్రాహ్మడి శవం. ఎవరు దహనం చెయ్యాలో తేలదు. తేలేదాకా ఎవరూ తినకూడదు. సినిమా అంతా ఆ ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతుంది. మద్రాసు సెన్సారు వాళ్ళు ముందు ఆపేశారు. ఆ అడ్డంకి దాటాక విడుదలయింది, రాష్ట్రపతి బంగారు పతకం తెచ్చుకుంది.

చంద్రి పాత్ర వేసిన స్నేహలతారెడ్డి పఠాభి గారి భార్య. ఎమర్జెన్సీలో ఆమెని జైల్లో పెట్టారు. ఉబ్బసం మనిషి. విడుదలైన కొద్ది రోజులకే, 1977 జనవరిలో పోయారు. ఇది క్విజ్‌లో అడగమని కాదు. సినిమా చూసేటప్పుడు ఆ మొహం కొంచెం నిలబడి చూడమని.

---

రేడియోరమణి
శనివారం సాయంత్రం 5:05

మొలగొలుకులు గారూ, మీరు కదిపారు కనుక ఒక వరస కుదురుతోంది. ఆ అయిదేళ్ళలో మనవాళ్ళకి పొరుగు భాషల్లో వచ్చిన జాతీయ అవార్డులు చూడండి.

కన్నడం: మీ పఠాభి గారు, 1970.
తమిళం: సుశీలమ్మ. 1971లో ‘సవాలే సమాళి’లో ‘చిట్టుకురువిక్కెన్న’ పాటకి. విజయనగరం అమ్మాయికి అంతకుముందు 1968లో వచ్చిందీ తమిళ పాటకే. తెలుగు పాటకి జాతీయ అవార్డు రావడానికి 1976లో ‘సిరిసిరిమువ్వ’ దాకా ఆగాల్సి వచ్చింది.
మలయాళం: శారద. మన తెనాలి సరస్వతి. 1972లో ‘స్వయంవరం’కి ఉత్తమ నటి. ఊర్వశి శారద అన్న పేరు (ఉత్తమ నటి అవార్డుని అప్పట్లో ఊర్వశి అనేవారు) 1968లోనే ‘తులాభారం’తో వచ్చేసింది.

స్వయంవరం ఆదూర్ గోపాలకృష్ణన్ గారి తొలి సినిమా, చిత్రానికీ దర్శకుడికీ నటికీ కెమెరాకీ నాలుగూ దానికే. అదే కాలంలో ఆవిడ ఇక్కడ ‘కాలం మారింది’, ‘శారద’ చేస్తున్నారు. రెండూ బంగారు నందులే. అక్కడ జాతీయ అవార్డు, ఇక్కడ రెండు నందులు, రెండేళ్ళలో. సోగ్గాడు గారి పట్టీలో హీరో పేరొక్కటే ఉంది, ఆ రెండిట్లోనూ హీరోయిన్ ఎవరో రాయలేదేం?

---

సోగ్గాడు75
శనివారం సాయంత్రం 5:20

తప్పయిపోయింది అక్కా. పైగా ‘శారద’లో బరువంతా ఆవిడదే. భర్త పోయాడన్న సంగతి మనసుకి ఎక్కని అమ్మాయి, అతని పోలికే ఉన్న డాక్టరు. మా హీరో రెండు పాత్రలు వేసినా టైటిల్ ఆవిడదే, సినిమా ఆవిడదే. ఒప్పుకుంటున్నా.

---

గోల్కొండ_చౌరస్తా
శనివారం రాత్రి 8:15

మీరందరు కలిసి హిందీ లెక్క ఇడిసిపెట్టిన్రు. 1974ల ‘అంకుర్’. శ్యామ్ బెనెగల్ మన తిరుమలగిరిల పుట్టిండు. సిన్మా కథ తెలంగాణ ఊర్లనే. మాటలు మొత్తం దక్కనీ. లక్ష్మి, కిష్టయ్య, సూర్య అని పేర్లు. షబానా ఆజ్మీకి మొదటి సిన్మా, మొదటి దెబ్బకే జాతీయ ఉత్తమ నటి. ఇగ ఉత్తమ నటుడు ఎవరికి వచ్చిందో తెల్సా? హీరో అనంత్ నాగ్‌కు కాదు. కిష్టయ్య యేసిన సాధూ మెహర్‌కు. కుమ్మరాయన, మూగ, చెవుడు. సిన్మా మొత్తంల ఒక్క మాట మాట్లాడడు!

ఆఖరికి దొర కొడుకు కొరడా పట్టుకొని ఆ మూగాయినను కొడ్తడు. గదంత సూసిన చిన్న పోరడు ఒక రాయి తీస్కొని దొర ఇంటి కిటికీ అద్దం పలగ్గొట్టి ఉర్కుతడు. గంతే, సిన్మా ఖతం. మా తాత ఆ సీన్ సూసి లేచి నిలబడి చప్పట్లు కొట్టిండట. పక్కనున్నోళ్ళు ‘ఇంకేమన్న ఉన్నదేమో’ అని కూసొనే ఉన్నరట.

---

నెల్లూరి_మొలగొలుకులు
శనివారం రాత్రి 8:40

మంచి మాట. చిన్న సవరణ: బెనెగల్ గారి మాతృభాష కొంకణి. తెలుగువాడు అనలేం, హైదరాబాదీ అనవచ్చు.

---

గోల్కొండ_చౌరస్తా
శనివారం రాత్రి 8:52

నేను తెలుగోడు అన్లే సార్, మనోడు అన్న. రెంటికి ఫరక్ ఉన్నది 🙂

---

పాప్‌కార్న్
శనివారం రాత్రి 9:10

ఆగండాగండి. 1972లో ఉత్తమ నటుడు సంజీవ్‌కుమార్, ‘కోశిష్’కి. అందులో ఆయనా చెవిటి మూగే కదా! 1974లో సాధూ మెహర్. మూడేళ్ళలో రెండుసార్లు ఉత్తమ నటుడు మాటలే లేని పాత్రకి వచ్చింది. మన సినిమాల్లో డైలాగు మీద డైలాగు పేలుస్తున్న రోజుల్లో!

మధ్యలో 1973 ఎవరికి?

---

నెల్లూరి_మొలగొలుకులు
శనివారం రాత్రి 9:25

పి.జె. ఆంటొనీ. మలయాళ ‘నిర్మాల్యం’. ఆ ఏటి ఉత్తమ చిత్రం కూడా అదే. ఎం.టి. వాసుదేవన్ నాయర్ గారు కథకులుగా ప్రసిద్ధులు, దర్శకత్వం అదే మొదలు. పాడుబడ్డ గుళ్ళో అమ్మవారు పూనే వెలిచ్చప్పాడు పాత్ర. చివరికి తన నెత్తురే అమ్మవారి విగ్రహం మీద ఉమ్మి కూలిపోతాడు. ఇవాళ తీయమనండి చూద్దాం.

---

రేడియోరమణి
శనివారం రాత్రి 9:50

నటీమణుల్లో 1971 కూడా వదలకండి. ‘రేష్మా ఔర్ షేరా’కి వహీదా రెహ్మాన్. ఆవిడ మొదట తెర మీద కనిపించింది మన ‘రోజులు మారాయి’లో, 1955, ‘ఏరువాకా సాగారో’ నాట్యం. ఆ సినిమా దర్శకుడు ఎవరో నేలటిక్కెట్టు గారు చెప్పాలి.

---

నేలటిక్కెట్టు
శనివారం రాత్రి 9:53

తాపీ చాణక్య. చెంబు ఆయనదే, ఏరువాకా ఆయనదే. ఆయనకే ఒక రౌండు పెట్టు బాబూ.

---

పాప్‌కార్న్
ఆదివారం ఉదయం 11:00

అవార్డు వద్దన్నవాళ్ళ మీద ఒక ప్రశ్న పెట్టచ్చా? 1973 మార్చిలో ‘గాడ్‌ఫాదర్’కి ఆస్కార్ వస్తే మార్లన్ బ్రాండో వెళ్ళలేదు. అమెరికా మూలవాసుల తరఫున సచీన్ లిటిల్‌ఫెదర్ అనే అమ్మాయి స్టేజెక్కి వద్దని చెప్పింది. రెండేళ్ళ ముందు ‘ప్యాటన్’కి జార్జ్ సి. స్కాట్ కూడా వద్దన్నాడు. ప్యాటన్ రాసిన ఇద్దరిలో ఒకడు గాడ్‌ఫాదర్ తీసిన కొప్పోలానే. అంటే నటులు కాదన్న రెండు ఆస్కార్లకీ ఆయనతో చుట్టరికం ఉంది.

ఇంకోటి కూడా. గాడ్‌ఫాదర్ సంగీతానికి నీనో రోటాకి వచ్చిన నామినేషన్‌ని వెనక్కి తీసుకున్నారు, తన పాత ఇటాలియన్ సినిమా బాణీ మళ్ళీ వాడాడని. ఆ ఖాళీ అయిన ఏడాది సంగీతం ఆస్కార్ గెలిచింది ఎవరో తెలుసా? చార్లీ చాప్లిన్! ‘లైమ్‌లైట్’కి. అది 1952 సినిమా. లాస్ ఏంజెలెస్‌లో 1972 దాకా ఆడలేదు కాబట్టి అప్పుడు పోటీకి అర్హత వచ్చింది.

---

సోగ్గాడు75
ఆదివారం ఉదయం 11:25

వద్దన్న లెక్కలో మన ప్రాణ్ సాబ్‌ని ఎక్కించు తమ్ముడూ. అదే 1973. ‘బేఇమాన్’లో సహాయ నటుడిగా ఫిలింఫేర్ ఇస్తే తీసుకోలేదు. కారణం తన పాత్ర కాదు. సంగీతం అవార్డు అదే బేఇమాన్‌కి ఇచ్చి, ‘పాకీజా’ గులాం మొహమ్మద్‌ని పక్కన పెట్టారని. గులాం మొహమ్మద్ అప్పటికే చనిపోయారు. తనకి వచ్చిన సినిమా మీదే కోపగించుకుని, లేని మనిషి కోసం వదులుకున్నాడు. తెర మీద జీవితమంతా విలన్!

---

నిర్వాహకుడు
ఆదివారం మధ్యాహ్నం 1:15

చర్చ బాగుంది. ఒక్క మనవి, హాలీవుడ్‌కి వేరే విభాగం ఉంది. కొప్పోలా గారిని అక్కడికి పంపండి. ప్రాణ్ గారు ఇక్కడే ఉండొచ్చు.

---

సెకండ్‌షో
ఆదివారం రాత్రి 9:00

ఇరవై ప్రశ్నలకి పందొమ్మిది అయ్యాయి. ఒకటి తక్కువ. 1971 జాతీయ ఉత్తమ తెలుగు చిత్రం ‘మట్టిలో మాణిక్యం’ అని ఉంది. దాని గురించి ఇక్కడ ఎవరూ నోరెత్తలేదేం?

---

రేడియోరమణి
ఆదివారం రాత్రి 9:30

బి.వి. ప్రసాద్ గారి దర్శకత్వం, చలం గారు హీరో, జమున, భానుమతి గారు. సత్యం గారి సంగీతం. ‘శరణం నీ దివ్య చరణం’ భానుమతి గారే పాడి నటించారు. ఆవిడ పాడుతుంటే పక్కవాళ్ళు కెమెరాలో ఉన్నారో లేరో ఎవరూ చూడరు. ‘మళ్ళీ మళ్ళీ పాడాలి ఈ పాట’ కూడా అందులోదే.

ఎవరూ ఎందుకు తలవలేదంటారా, చలం గారికి అభిమాన సంఘాలు లేవు కదండీ. ఉంటే పైన ఇద్దరు పెద్దమనుషుల పక్కన మూడో ఆయన కూడా కత్తి తిప్పేవాడు.

---

కౌబాయ్‌కిట్టయ్య
ఆదివారం రాత్రి 9:41

నిజమే అక్కా 🙏 ఇరవయ్యోది అయిపోయినట్టే. అదనంగా ఒకటి పెట్టుకోండి: పండంటి కాపురం కథ ప్రభాకర్ రెడ్డి గారిది. విలన్ వేషాలు వేసే ప్రభాకర్ రెడ్డే. డాక్టరీ చదివిన మనిషి.

---

నేలటిక్కెట్టు
ఆదివారం రాత్రి 10:05

పండంటి కాపురం పాటల పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అట్ట పోయింది. పలచని కాగితం, గులాబిరంగు సిరా. మొదట కథ సగం చెప్పి, ‘ఆ తరువాత ఏమైనదో వెండితెరపై చూడుడు’ అని ఆపేస్తారు. ‘బాబూ వినరా’ పాట పేజీలో మా అక్క పెన్సిలుతో పక్కన గీతలు గీసుకుంది, ఎక్కడ ఘంటసాల, ఎక్కడ సుశీల అని. రేడియోలో వచ్చినప్పుడల్లా ఆ పుస్తకం చూసి మేమిద్దరం పాడేవాళ్ళం. నాకెప్పుడూ ఘంటసాల వంతు రానిచ్చేది కాదు.

---

సెకండ్‌షో
తర్వాతి సోమవారం రాత్రి 8:20

క్విజ్ అయిపోయిందండీ. ఎనిమిది జట్లు. పరువు దక్కింది.

చెంబు ప్రశ్న ఒక్క జట్టూ చెప్పలేదు. మూగ పాత్రల ప్రశ్నకి కుర్రాళ్ళు సాధూ మెహర్ పేరు పట్టేశారు, సంజీవ్‌కుమార్ దగ్గర దొరికిపోయారు. శ్రీశ్రీ ప్రశ్నకి రమణి గారు చెప్పినట్టే ఒకాయన లేచి నారాయణరెడ్డి గారిదేనని పందెం కాశాడు. ఓడిపోయి అందరికీ ఐస్‌క్రీమ్ ఇప్పించాడు.

మూడు కాపురాల ప్రశ్న అడగ్గానే చక్రాల కుర్చీలో ఉన్న ఒక మామ్మగారు, మనవడు బజర్ నొక్కేలోపే మూడూ చెప్పేశారు. అక్కడితో ఆగలేదు. మైకు అడిగి తీసుకుని ‘బాబూ వినరా’ రెండు గొంతులతోనూ తానే పాడారు. తర్వాత నన్ను పిలిచి, ‘ఇన్ని ప్రశ్నలు అడిగావు, ఒకటి నేనడుగుతా. ఆ సినిమా పాటల పుస్తకం ఎంతో చెప్పు’ అన్నారు. నేను నోరు తెరిచాను. బాబాయ్, మీ పుస్తకం మీద ధర ఉందా?

---

నేలటిక్కెట్టు
సోమవారం రాత్రి 8:44

అట్ట పోయిందని చెప్పాగా, ధర అట్ట మీదే ఉండేది. కానీ నాకు గుర్తే. పదిహేను పైసలు.

---

రేడియోరమణి
సోమవారం రాత్రి 8:51

మా ఊళ్ళో ఇరవై.

---

నేలటిక్కెట్టు
సోమవారం రాత్రి 8:52

మీ ఊళ్ళో హాలు వాడు మిమ్మల్ని మోసం చేశాడమ్మా.